మూడు పరీక్షలు నెగ్గిన పసుపు మందు

మందులు కనిపెట్టే ఉద్యోగంలో ఇరవై తొమ్మిదేళ్లున్నాను. మందేమీ కనిపెట్టలేదు. ఈ ముక్క మొదటే చెప్పేస్తే విజయగాథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే దిగిపోతారు, వాళ్లకూ నాకూ టైము మిగులుతుంది. మిగిలినవాళ్లు, అంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి ఏదో ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో తెల్లకోటు తొడుక్కోబోయే పిల్లలు, కూర్చోండి. మీ కోసమే రాస్తున్నాను.

నా ప్రమోషన్ల కథ రాయను. అవి ఆలస్యంగా వచ్చాయి, నా నోటి వల్లే ఆలస్యంగా వచ్చాయి, ఆ నోరు ఇప్పటికీ అలాగే ఉంది. యాభై ఐదేళ్లకే నా అంతట నేను రిటైరయ్యాను. ఎందుకంత తొందర అని అడిగినవాళ్లకు, మీటింగుల్లో బిస్కెట్లు తిని తిని షుగరు వచ్చేలా ఉందని చెప్పాను. సగం నిజమే.

మాది మాదన్నపేట. మా బాపుకు ఆరు బర్రెలుండేవి, ఇంటి ముందే పాలు పోసేవాడు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, పెళ్లయ్యాక కూడా రెండు వీధుల అవతలే కాపురం పెట్టాను. రోజూ పొద్దున చాంద్రాయణగుట్ట చౌరస్తా దాకా ఆటో, అక్కడి నుంచి ఊరి బయటున్న ల్యాబుకు కంపెనీ బస్సు. ఆ బస్సులో నేను గెలిచిన వాదనలన్నీ ల్యాబులో ఓడిపోయాను. కానీ ఒక వాదన మాత్రం ల్యాబులో గెలిచి, గెలిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఈ రాత దాని గురించే.

ఒక్క కోడలు, మూడు పనులు

ముందు నా పనేమిటో చెప్పాలి. అల్జీమర్స్ వచ్చినప్పుడు మెదడులో ఒక్క చోట కాదు, చాలా చోట్ల ఒకేసారి చెడుతుంది. ఒక ప్రోటీన్ గడ్డలు కడుతుంది. కణం నుంచి కణానికి కబురు మోసే రసాయనం తగ్గిపోతుంది, ఉన్న కాస్తను కూడా ఒక ఎంజైమ్ కొరికేస్తూ ఉంటుంది. ఇవి చాలవన్నట్టు ఇనుముకు తుప్పు పట్టినట్టు కణాలు లోలోపల పాడవుతుంటాయి. ఇప్పుడు డాక్టర్లు రాసే మాత్రలు కొన్నాళ్లు కాస్త నిలబెడతాయి, అంతే.

అందుకని మాలాంటివాళ్లకు ఒక ఆశ పుట్టింది. ఒకే అణువు ఎంజైమ్‌ను ఆపి, గడ్డలు కట్టకుండా చూసి, తుప్పునూ వదిలిస్తే ఎలా ఉంటుంది? వినడానికి మస్తుగా ఉంటుంది. ఒక్క కోడలే వంట చేయాలి, జీతం తేవాలి, అత్తగారి కాళ్లు పిసకాలి అన్నట్టు. కోడళ్లకే చేతకానిది అణువుకెలా చేతనవుతుందని ఎవరూ అడగలేదు. మా పై అధికారుల్లో అందరిదీ అత్తగారి బుద్ధే, మగవాళ్లయితేనేం.

మొదట్లో నేను చేసిన పని మరీ మోటుది. ఎంజైమ్‌ను ఆపే ముక్క ఒకటి, గడ్డల్ని అడ్డుకునే ముక్క ఒకటి తీసుకుని, మధ్యలో పొడవాటి కార్బన్ గొలుసు వేసి అతికించాను. గాజు గిన్నెలో అద్భుతంగా పనిచేసింది. ఎలుక మెదడులో చూస్తే చుక్క కూడా లేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే కాపలా గోడ అంత పెద్ద అణువును లోపలికి రానివ్వదు. అప్పటి మా బాసు, మేమంతా పెద్దాయన అనేవాళ్లం, నేను గీసిన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏందమ్మా ఇది? రెండు ఆర్టీసీ బస్సుల్ని తాడేసి కట్టినవ్. పత్తర్‌గట్టి గల్లీల దూరుతదా?"

నాకు కోపం వచ్చింది, కానీ బుద్ధి కూడా వచ్చింది. పెద్దాయన తిట్టు ఎప్పుడూ నిమిషం లోపే ముగిసేది. ఆ తిట్టులో మనం రేపు చేయాల్సిన పని దొరికేది. అలాంటి బాసు దొరికితే జీతం తక్కువైనా వదలకండి. నాకు ఎనిమిదేళ్లు దొరికాడు. ఆ తర్వాత దొరికినవాళ్లకు స్లైడ్లు తప్ప మరేమీ తెలియదు.

నలభై ఒకటో నంబరు

రెండు ముక్కల్ని అతికించే బదులు, చిన్న అణువు ఒక్కటే మూడు చోట్ల పట్టేలా చేయాలనుకున్నాను. పసుపుకు రంగునిచ్చే పదార్థం నుంచి మొదలుపెట్టాను. దాని ఒక కొసను కోసి, మరో కొసకు ఎంజైమ్‌ను పట్టుకునే చిన్న కొక్కెం తగిలించాను. ఇలా వరుసగా చేసినవాటిలో నలభై ఒకటోది చక్కగా తేలింది. చక్కగా అంటే చూడముచ్చటగా. కుంకుమపువ్వుకూ నిమ్మపండుకూ మధ్య రంగులో మెరిసే పొడి. గ్లౌజులు వేసుకున్నా గోళ్లకు అంటేది. బస్సులో నా చేతులు చూసి ఎవరింట్లో నలుగు పెట్టారని అడిగేవాళ్లు.

పరీక్షలు మూడు. మొదటిదానిలో ఎంజైమ్ పనిచేస్తే ప్లాస్టిక్ పళ్లెంలో గింజంత గుంటలోని నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, మందు ఎంజైమ్‌ను ఆపితే తిరగవు. మందుకున్న సొంత రంగును యంత్రం ముందే లెక్కలోంచి తీసేస్తుంది. రెండోదానిలో ప్రోటీన్ గడ్డ కడితే అందులో కలిపిన ఒక రంగు వెలుగుతుంది, గడ్డ కట్టకపోతే చీకటే. మూడోది తుప్పు వదిలించే పరీక్ష. నలభై ఒకటి మూడింటిలోనూ ఫస్టు క్లాసులో పాసైంది.

అప్పటికి పెద్దాయన రిటైరై వెళ్లిపోయి డైరెక్టరు వచ్చాడు. ఆయన ఒక స్లైడు తయారు చేయించాడు. మధ్యలో నా అణువు, చుట్టూ మూడు బాణాలు, బాణాల చివర మెదడు బొమ్మలు. ఆ బొమ్మను ఆయన ఎన్ని మీటింగుల్లో చూపించాడో లెక్కలేదు. ఎలుకల మెదడులోకి కూడా నలభై ఒకటి కాస్త కాస్త వెళ్తోందని తేలేసరికి కమిటీ పెడదామన్నాడు. కమిటీ ఒప్పుకుంటే పెద్ద జంతువుల మీద, అక్కడా నిలిస్తే మనుషుల మీద.

నాకు రాత్రులు నిద్ర పట్టేది కాదని రాయాలేమో. బ్రహ్మాండంగా పట్టేది. నా అంత తెలివైనది ఈ ఊళ్లో లేదనుకుని హాయిగా నిద్రపోయేదాన్ని.

నోరు జారిన సంగతి

మా గోడకు ఆనుకునే సకీనా ఆపా ఇల్లు. ఆమె భర్త యూసుఫ్ భాయ్ పత్తర్‌గట్టిలో శేర్వానీల దుకాణంలో కటింగ్ మాస్టరు. ముప్ఫై ఐదేళ్లు పెళ్లికొడుకులకు కొలతలు తీశాడు. మనిషి గుమ్మంలోకి రాగానే భుజం కొలత కళ్లతోనే చెప్పేవాడు. తర్వాత మెల్లగా కొలతలు తప్పాయి, ఆ తర్వాత దుకాణానికి దారి తప్పింది. పెద్దాసుపత్రి డాక్టరు అల్జీమర్స్ అన్నాడు, మాత్రలు రాశాడు.

ఇంట్లో కూర్చున్నా మెడలో టేపు మాత్రం తీయలేదు. ఎవరొచ్చినా అడిగేది ఒక్కటే, "షాదీ ఎవరిది?" ఒకసారి సరదాకి నాదే అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి గంభీరంగా చెప్పాడు, "ఆడోళ్లయి మేం కుట్టం బేటీ. పక్క దుకాణంల అడుగు."

నేను ఏ రోగం మీద పనిచేస్తున్నానో సకీనా ఆపాకు తెలుసు. పెరట్లో బట్టలు ఆరేసేటప్పుడు గోడ మీదుగా రోజూ అడిగేది. "ఉమా, మీ మందు ఎంత దాక వచ్చిందే?" నేను చాలాకాలం సరిగానే జవాబు చెప్పాను. మందంటే పదిహేనేళ్ల పని ఆపా, నూటికి తొంభై మధ్యలోనే పోతాయి ఆపా, అని. కానీ నలభై ఒకటి మూడు పరీక్షలూ నెగ్గిన వారం నా నోరు ఆగలేదు. మస్తు మంచిది దొరికింది ఆపా అన్నాను. దేనితో చేసినవని అడిగింది. దాని మూలం పసుపులోనే ఉందని చెప్పాను.

శాస్త్రవేత్త బయటివాళ్లకు చెప్పే మాట ఎక్కడ ఆగాలో ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను ఒక అణువు గురించి చెప్పాను. ఆమె వంటింట్లోని డబ్బా గురించి విన్నది. మర్నాటి నుంచి యూసుఫ్ భాయ్ పొద్దున చాయ్ బంద్. దాని బదులు గ్లాసెడు పాలలో రెండు చెంచాల పసుపు. ఆ సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. ఆపా నాకు చెప్పలేదు. కంపెనీవాళ్లకు తెలిస్తే నా కొలువుకు ఇబ్బందని ఆమె ఫికర్.

నౌషీన్ నోట్‌బుక్

నౌషీన్ మా ల్యాబులో ఆ మూడు పరీక్షలూ చేసే అమ్మాయి. చాంద్రాయణగుట్టలోనే ఉండేది, నా బస్సే ఎక్కేది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. అలాంటివాళ్లతో నాకు మొదటినుంచీ పడదు. మా ఇంట్లో ఆ పాత్ర నాది.

ఒకరోజు నా గదిలోకి వచ్చి నిలబడింది. మొదటి పరీక్షను ఎంజైమ్ లేకుండా చేశానంది. ఎంజైమ్ పనిచేస్తే పుట్టే పదార్థాన్ని తనే తెచ్చి గుంటల్లో పోసిందట. ఎంజైమే లేదు కాబట్టి మందు ఆపడానికి ఏమీ లేదు, నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. నలభై ఒకటి వేసిన గుంటల్లో తిరగలేదు.

"నిన్నెవరు చెయ్యమన్నరు?" అన్నాను.

"ఎవ్వరు చెయ్యమనలే మేడమ్."

"మరి?"

"ఫికరైంది. అన్నిట్ల పాసయితుంటే ఫికరైంది."

చేతి తప్పు అన్నాను. పిపెట్టు పాతదన్నాను. కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటి రెండేళ్లూ అన్నిటి మీదా అనుమానమే, మూడో ఏడు తగ్గుతుందిలే అన్నాను. నేను వాదనలో ఎవరికీ తీసిపోను. ఆ అమ్మాయి చివరికి తల ఊపి వెళ్లిపోయింది. ఇందాక సిగ్గుపడుతున్నానని చెప్పిన గెలుపు అదే. అప్పటికి కమిటీకి ఇంకా మూడు నెలలుంది.

ఆమె మాత్రం ఆగలేదు. కమిటీకి ముందు శనివారం తన నోట్‌బుక్‌ను ఒక పేజీ దగ్గర తెరిచి నా బల్ల మీద పెట్టి బస్సెక్కింది. ఈసారి రెండో పరీక్ష. గడ్డలు కట్టకముందు కాదు, రాత్రంతా గడ్డలు కట్టనిచ్చి, పొద్దున నలభై ఒకటి వేసింది. నిమిషంలో వెలుగు ఆరిపోయింది. కింద ఒక్క వాక్యం రాసింది: రాత్రంతా కట్టిన గడ్డ నిమిషంలో కరుగుతుందా? నేను నోట్‌బుక్ మూసి, డ్రాయర్‌లో పెట్టి, తాళం వేసి ఇంటికి వెళ్లాను. అవును, తాళం వేశాను.

ఆదివారం గ్లాసు

మర్నాడు సకీనా ఆపా ఇంటికి బగారా అన్నం గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. యూసుఫ్ భాయ్ కుర్చీలో పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. ఆపా ఒక చేత్తో ఆయన దవడ పట్టుకుని, రెండో చేత్తో గ్లాసు ఆనిస్తోంది. తెల్ల కుర్తా ముందంతా పసుపు మరకలు. కొన్ని ఆనాటివి కావు, ఉతికి ఉతికి వెలిసినవి.

ఏందిది ఆపా అంటే ఆమె నవ్వుతూ చెప్పింది. "నీ మందే. నీది వచ్చేదాక ఇదిస్తున్న. వచ్చినంక ఇది బంద్ చెయ్యాల్నా, రెండూ ఇయ్యాల్నా?"

కడుపుకు పడటం లేదట. అన్నం సగం వదిలేస్తున్నాడట. అయినా మంచి జరగాలంటే కొంచెం కష్టం తప్పదు కదా అంది. నేను గిన్నె అక్కడ పెట్టి ఏదో పని ఉందని చెప్పి బయటపడ్డాను. నిజాయితీ వల్ల నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది. నన్ను కదిలించింది నిజాయితీ కాదు, ఆ గ్లాసు.

బాపు లాక్టోమీటరు

సోమవారం పొద్దున నేనే తెల్లకోటు వేసుకుని, నా చేత్తో, కొత్త పిపెట్టుతో నౌషీన్ చేసిన రెండు పనులూ మొదలుపెట్టాను. నౌషీన్ పక్కనే నిలబడింది. గడ్డలు రాత్రంతా కట్టాలి కాబట్టి రెండోది మంగళవారం పొద్దున తేలింది. ఎంజైమ్ లేని గుంటల్లో నా చేతికి కూడా రంగు తిరగలేదు. నలభై ఒకటి ఎంజైమ్‌ను ఆపడం లేదు. రంగు పుట్టించే పదార్థాన్ని తనే మింగేస్తోంది. గడ్డల పరీక్షలో వెలుగునూ మింగేస్తోంది, గడ్డలు మాత్రం మైక్రోస్కోపు కింద ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడో పరీక్ష నిజమే, కానీ అది పాసవ్వడానికి నా ఏళ్ల చాకిరీ అక్కర్లేదు, మామూలు పసుపు చాలు. నేను మూడు పనులు చేసే మందు తయారు చేయలేదు. రెండు చోట్ల అబద్ధమాడే పొడి ఒకటి తయారు చేశాను.

అన్నిటికంటే చిరాకు ఏమిటంటే, ఈ మోసం నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుంది. నీళ్లతో పాటు కొంచెం చక్కెర కలిపితే చిక్కదనం సరిపోయి లాక్టోమీటరు పాస్ చేసేస్తుంది. అందుకే బయటినుంచి పాలు కొనాల్సి వచ్చినప్పుడు బాపు లాక్టోమీటరు చూశాక కూడా వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. "గీ గాజు పుల్లకు బరువే తెలుస్తది బిడ్డా, రుచి తెల్వది" అనేవాడు. ఆయన బిడ్డ చదువుకుని, యంత్రం చెప్పిన నంబరు చూసి చప్పట్లు కొట్టింది.

పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. ఒకే అణువుతో నాలుగు పనులు చేయించాలనుకునే ఇలాంటి పనిలో ఈ ప్రమాదం మిగతా పనుల్లో కంటే ఎక్కువ. ఒక్క లక్ష్యం ఉన్నవాడు అణువు ఒక్క చోట పాసైతే ఇంకోచోట ఫెయిలవుతుందో లేదో చూస్తాడు, ఫెయిలైతేనే నమ్ముతాడు. మనం అన్నిట్లో పాసయ్యేదాన్నే వెతుకుతాం కాబట్టి, అన్ని పరీక్షల్నీ మోసగించేదే ముందుగా మన చేతికొస్తుంది. మనమే దానికి దండ వేస్తాం.

నౌషీన్‌తో అన్నాను, "నువ్వు చెప్పింది కరెక్టే. మూడు నెలలు నీ మాట ఇనలే, తప్పు నాది."

"ఇప్పుడు ఇన్నరు గద మేడమ్," అంది. "డ్రాయర్ తాళం తీస్తే నా నోట్‌బుక్ తీసుకుంట."

బుధవారం కమిటీలో డైరెక్టరు బాణాల స్లైడు పెట్టగానే నేను లేచి, ఇది పనిచేయదు, తీసేయండి అన్నాను. తర్వాత నౌషీన్‌ను లేపి ఆమె చేతే ఆ రెండు ప్రయోగాలూ చెప్పించాను. డైరెక్టరు మొహం నలభై ఒకటి కంటే పసుపుగా మారింది. ఇంకొంచెం పని చేస్తే సర్దుకుంటుందేమో, పెద్ద జంతువుల దాకా వెళ్లి చూద్దామన్నాడు. చాలాసేపు లొల్లి జరిగింది. ఆ లొల్లిలో నేను వాడిన మాటలు ఇక్కడ రాయను, మా అమ్మాయి చదువుతుంది. ప్రాజెక్టు మూసేశారు. మమ్మల్ని కడుపులో మంట మాత్రల విభాగంలోకి మార్చారు. అదీ అవసరమైన పనే, ఆ వారం నాకైతే మరీ అవసరం.

అల్లం చాయ్

కమిటీ ముందు మాట్లాడటం కష్టం కాలేదు. కష్టమంతా గోడకు అవతలి ఇంట్లో ఉంది. ఆ సాయంత్రమే వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో నాలుగు రకాలుగా అనుకున్నాను, గుమ్మం దాటేసరికి ఒక్కటీ గుర్తులేదు.

"ఆపా, మందు పోయింది."

"ఎవరు తీస్కపోయిండ్రే?"

"ఎవ్వరు తీస్కపోలే. అది మందే కాదు. నేను తప్పు జూసిన."

ఆమె అడిగింది, "అయితే పసుపు?"

"బంద్ చెయ్యి. డాక్టరు రాసిన మాత్రలు ఇయ్యి, అవి మాత్రం ఆపకు."

"నువ్వే చెప్పినవ్ గదా."

"నేనే చెప్పిన ఆపా."

సకీనా ఆపా కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపంగా అనలేదు, అందుకే ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏడు నెలల సంది ఆయన దవడ పట్టుకొని పోస్తున్న ఉమా. నా మొఖం జూస్తె నోరు మూస్కుంటుండు. ముప్పై ఏండ్ల సంది నేను పోసిన చాయ్ తాగిన మనిషి."

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నేను వాదించకుండా నిలబడింది ఆ ఒక్కసారే. ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి అల్లం దంచుతున్న చప్పుడు వినిపించింది.

కప్పు దగ్గరికి తెస్తుంటే యూసుఫ్ భాయ్ అలవాటుగా పెదవులు బిగించాడు. వాసన తగిలి మెల్లగా వదిలాడు. తనే చెయ్యి చాపి తీసుకుని, సాసర్‌లో పోసుకుని, ఊది, చప్పుడు చేస్తూ తాగాడు. తాగి భార్య వైపు తిరిగాడు. "అల్లం జాస్తి అయింది," అన్నాడు. ఆమె పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుని, రేపు తక్కువేస్తలే అంది.

ఆ తర్వాత ఆయన ఇంకో మూడేళ్లు ఉన్నాడు. జబ్బు తన దారిన తాను వెళ్లింది, నా వల్లగానీ ఇంకెవరి వల్లగానీ ఆగలేదు. నౌషీన్ ఇప్పుడు వేరే కంపెనీలో అదే రోగం మీద పనిచేస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా పోట్లాడుకుంటాం, ఎక్కువసార్లు ఆమే గెలుస్తుంది. మందు వస్తుందా అని మీరడిగితే, వస్తుందనే అనుకుంటున్నాను. దాన్ని చేసేది మాత్రం, ఎవరూ చెప్పకుండానే ఎంజైమ్ లేకుండా కూడా ఒకసారి చేసి చూసే మనిషే.

నా సంగతంటారా, ఒక రోగికి నా వల్ల ఖాయంగా కలిగిన మేలు ఆ సాయంత్రం చాయ్ ఒక్కటే. అది కూడా నేను తీసేసిందే తిరిగి ఇచ్చాను.

ఆ సాయంత్రం యూసుఫ్ భాయ్ సాసర్ కింద పెట్టి, మెడలో టేపు సర్దుకుని, అప్పుడే నన్ను చూసినట్టు అడిగాడు.

"షాదీ ఎవరిది?"

"ఎవరిదీ కాదు భాయ్. ఊర్కెనే వచ్చిన."

"అయితే కూసో," అన్నాడు, ఖాళీ కప్పు సకీనా ఆపా వైపు చాపుతూ. "ఈమెకు గూడ చాయ్ పొయ్యి."